అడిగితే దక్కేది, ఆపితే దక్కేది

పసుపు బోర్డు వచ్చింది. పసుపుకు మద్దతు ధర మాత్రం రాలేదు. ఉత్తర తెలంగాణలో ఉద్యమాలు ఎలా గెలుస్తాయో, గెలిచి కూడా ఎక్కడ చేజార్చుకుంటాయో తెలియడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

2019 ఫిబ్రవరిలో ఆర్మూరు దగ్గర 44వ నంబరు జాతీయ రహదారిపై రైతులు బైఠాయించారు. పసుపుకు క్వింటాలుకు 15 వేలు, ఎర్రజొన్నకు 3,500 రూపాయలు ఇవ్వాలన్నారు. పసుపు బోర్డు కావాలన్నారు. సర్కారు కదలకపోవడంతో రాస్తారోకోను నామినేషన్ కేంద్రానికి మార్చారు. జగిత్యాల, కోరుట్ల సెగ్మెంట్లు కూడా కలిసిన నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో మొత్తం 185 మంది బరిలో నిలిస్తే, అందులో 178 మంది రైతులే. ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు పరచాల్సి వచ్చింది. ఓటు వేయడానికి వెళ్లినవాళ్లు తమ గుర్తు ఏ పెట్టెలో ఉందో వెతుక్కున్నారు. రైతు గోస దేశం చూసింది. సిట్టింగ్ ఎంపీ కవిత 70,875 ఓట్ల తేడాతో ఓడిపోయారు. బోర్డు తెస్తానని బాండ్ పేపర్ మీద రాసిచ్చిన ధర్మపురి అర్వింద్ గెలిచారు.

బోర్డు ఏర్పాటును ప్రధాని 2023 అక్టోబరు 1న మహబూబ్‌నగర్‌లో ప్రకటించారు. 2025 జనవరి 14న అది మొదలైంది. ఇదంతా రైతుల ఒత్తిడి ఫలితమేనన్న దానిలో అనుమానం లేదు. కానీ ధర, బోర్డు రెండూ అడిగితే, ఇచ్చేవాడు తనకు తేలికైనదే ఇచ్చాడు. బోర్డుకు కావాల్సింది ఒక నోటిఫికేషన్, ఒక కార్యాలయం, ఒక చైర్మన్. ధరకు మాత్రం ఏటా ఖజానా విప్పాలి. ఆ రెండోది ఇప్పటికీ యార్డులో వ్యాపారి చేతిలోనే ఉంది.

ఈ ఎత్తుగడ కొత్తదేమీ కాదు. 1996లో ఫ్లోరైడ్ బాధితుల తరఫున వందలాది మంది దిగడంతో నల్లగొండ లోక్‌సభ స్థానంలో అభ్యర్థుల సంఖ్య 480కి చేరింది. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా పడింది. ఆ ఏడాదే లోక్‌సభ అభ్యర్థి ధరావతును 500 నుంచి 10 వేలకు పెంచారు. 2019 నాటికి అది 25 వేలు. ఒకసారి పనిచేసిన దారిని పాలకులు మళ్లీ అంత తేలిగ్గా తెరిచి ఉంచరు. అయినా అంత డబ్బు పోతుందని తెలిసే కట్టడం వల్లనే నిజామాబాద్ రైతుల మాటకు బరువు వచ్చింది. ఊరికే సంతకాలు సేకరించి ఉంటే ఎవరూ పట్టించుకునేవారు కాదు.

ఇదే జగిత్యాలలో దాదాపు యాభై ఏళ్ల కిందట మరో రకం ఉద్యమం నడిచింది. 1978 సెప్టెంబరులో రైతు కూలీ సంఘాల జైత్రయాత్రకు వేలాది మంది తరలివచ్చారు. చరిత్రలో ఆ సభే మిగిలింది గానీ అసలు బలం ఊళ్లలో ఉంది. వెట్టి చేయం అన్నారు. మాట వినని దొర ఇంటికి చాకలి పోలేదు, మంగలి పోలేదు, పాలేరు పోలేదు. ఇందుకు జీవో అక్కర్లేదు, మంత్రి హామీ అక్కర్లేదు. ఊరంతా ఒక్క మాట మీద నిలబడితే గడిలో పొయ్యి వెలగదు. ఎందరో దొరలు పట్నాల దారి పట్టారు. ప్రభుత్వం అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ నిరాకరణ ఎంత లోతుగా తగిలిందో చెప్పడానికి అదే రుజువు.

తర్వాత పోరాటం తుపాకుల దారి పట్టింది. వెట్టి చేయనని చెప్పడానికి ముసలామెకు కూడా చోటుంది, తుపాకీ దారిలో కొద్దిమందికే ఉంటుంది. పరిశోధకులు ఎరికా చెనోవెత్, మరియా స్టీఫాన్ 1900 నుంచి 2006 దాకా సాగిన 323 ఉద్యమాలను పరిశీలించారు. అహింసా మార్గంలో నడిచినవాటిలో 53 శాతం, సాయుధంగా సాగినవాటిలో 26 శాతం గెలిచాయని తేల్చారు. ఎక్కువ మంది పాల్గొనగలగడమే ముఖ్య కారణమన్నారు. జగిత్యాల పల్లెలకు ఆ లెక్క అక్కర లేకుండానే అది తెలుసు.

అయితే ఆపగలగడం ఒక్కటే చాలదు, ఆ నొప్పి ఎవరికి తగులుతుందో కూడా చూడాలి. 2011 సెప్టెంబరు 13 నుంచి 42 రోజులు ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె సాగింది. సింగరేణిలో బొగ్గు తవ్వకం ఆగింది, బడులు మూతపడ్డాయి, బస్సులు నిలిచాయి. అంత త్యాగం చేసినా రాష్ట్రం ప్రకటించకుండానే సమ్మె ముగిసింది. కరెంటు కోతలు తెలంగాణ రైతుకూ తగిలాయి, చదువు పోయింది తెలంగాణ పిల్లలకే. నిర్ణయం ఢిల్లీ చేతిలో ఉంది. ఢిల్లీకి నొప్పి తెలిసేది ఓట్లలో. 2006లో కరీంనగర్ ఉప ఎన్నికలో కేసీఆర్ రెండు లక్షల పైచిలుకు మెజారిటీతో గెలవడం, 2010 జూలైలో జరిగిన 12 ఉప ఎన్నికల్లో టీఆర్‌ఎస్ 11 గెలవడం అక్కడ లెక్కకు వచ్చాయి. సమ్మె ప్రజలను ఒక్కటి చేసింది, ఉప ఎన్నికలు పార్టీలను భయపెట్టాయి. రెండూ కలిస్తేనే 2014 జూన్ 2న రాష్ట్రం సాధ్యమైంది.

నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో నొప్పి సరైన చోట తగిలింది. ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని నెలల తరబడి చేసిన విన్నపాలకు దిక్కు లేదు. 2024 నవంబరు 26న దిలావర్‌పూర్, గుండంపల్లి జనం నిర్మల్–భైంసా రహదారిని దిగ్బంధించారు. మరునాడే పనులు నిలిపివేస్తున్నట్లు అధికారులు ప్రకటించారు. అడిగింది ఒక్కటే, దాన్ని ఒప్పుకోగల అధికారి కూతవేటు దూరంలో ఉన్నాడు. అందుకే అంత త్వరగా తేలింది. ఆసిఫాబాద్‌లో పులుల కారిడార్ కోసం తెచ్చిన జీవో 49 విషయంలోనూ ఆదివాసీల నిరసనలతో 2025 జూలైలో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. కానీ జీవోను రద్దు చేయలేదు, అమలును పక్కన పెట్టింది. నిలిపివేతను విజయమనుకుని ఇళ్లకు వెళ్తే ఉద్యమం సగంలో ఆగినట్టే.

మరి ఆపడానికి చేతిలో ఏమీ లేనివాళ్ల సంగతేమిటి? 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లికి వచ్చిన గోండులు భూమికి పట్టాలు అడగడానికే వచ్చారు. సభకు అనుమతి రద్దయిన సంగతి అడవి గూడేలకు చేరలేదు. పైగా ఆ రోజు సోమవారం, అంగడి రోజు. పోలీసు కాల్పుల్లో 13 మంది చనిపోయారని ప్రభుత్వమే చెప్పింది. అంతకు ఎన్నో రెట్లని హక్కుల సంఘాలు చెప్పాయి. తర్వాత పార్టీలు ఇంద్రవెల్లిలో సభలు పెట్టాయి, స్తూపానికి దండలు వేశాయి. పోడు పట్టాల పంపిణీని మాత్రం కేసీఆర్ ఆసిఫాబాద్‌లో మొదలుపెట్టింది 2023 జూన్‌లో, అంటే 42 ఏళ్లకు. మరో ఐదు నెలల్లో ఎన్నికలు. పట్టాల విషయంలో ఆదివాసీ చేతిలో ఆపగలిగేది ఓటొక్కటే కనుక, దానికి విలువ వచ్చిన రోజునే కాగితం కదిలింది.

పసుపు రైతు ఇప్పుడు చూసుకోవాల్సింది ఇదే. తన దగ్గర అవతలివాడికి తప్పనిసరిగా కావాల్సింది పంట. ఎండిన కొమ్మును ఏడాది దాకా నిలవ ఉంచవచ్చు. కానీ అప్పులవాడు గుమ్మంలో నిలబడితే కొమ్ము ఎండగానే యార్డుకు తోలక తప్పదు. అందరూ ఒకేసారి తోలితే ధర పడిపోతుంది. కాబట్టి తర్వాతి డిమాండ్ గోదాములు, నిలవ పెట్టిన పంట మీద తక్కువ వడ్డీకి తనఖా రుణాలు కావాలి. ఏ మండలానికి ఎన్ని టన్నుల గోదాము, ఎవరి నిధులతో, ఏ సీజన్‌లోగా అన్నది కాగితం మీద ఉండాలి. ఇది బోర్డు చేయగల పని, చేయలేకపోతే ఎవరిని నిలదీయాలో కూడా తెలిసే పని. రైతు పంటను పట్టి ఉంచగలిగిన నాడు ధర కోసం వ్యాపారితో, మద్దతు ధర కోసం ఢిల్లీతో మాట్లాడే తీరే మారుతుంది.