దృక్పథం, దృక్కోణం, తారతమ్యం

'పర్‌స్పెక్టివ్' అనే ఆంగ్లపదం ఎదురుపడగానే మన అనువాదకులు ఆలోచించకుండా వ్రాసే మాటలు రెండు: దృక్పథం, దృక్కోణం. ఇవి పర్యాయపదాలు కావనీ, ఆ ఆంగ్లపదానికున్న ఒక ముఖ్యార్థం ఈ రెంటిలోనూ లేదనీ నా అభిప్రాయం.

ముందుగా మూలం. లాటినులో 'పెర్' అంటే గుండా, 'స్పెకెరె' అంటే చూచుట. మధ్యయుగాలలో ఈ మాటకు దృష్టిశాస్త్రమని అర్థం. 15వ శతాబ్దపు ఇటలీలో, దూరాన ఉన్నది చిన్నదిగా, దగ్గర ఉన్నది పెద్దదిగా కనిపించే తీరును చిత్రకారులు గణితబద్ధం చేశారు. 1435లో ఆల్బెర్తి దానిని గ్రంథస్థం చేశాడు. చూచేవాడు నిలిచిన చోటు ఒకటి, వస్తువుల పరిమాణాల పొందిక ఒకటి. నేటి ఆంగ్ల వాడుకలోనూ ఈ రెండు భావాలూ ఉన్నాయి.

మన మాటలకు వద్దాం. కోణం నిలిచిన చోటును బట్టి ఏర్పడుతుంది; నాలుగడుగులు ప్రక్కకు జరిగితే మారుతుంది. 'పోలీసులు ఆ కోణంలోనూ దర్యాప్తు చేస్తున్నారు' అన్న పత్రికల వాక్యం అందుకే చక్కగా అమరింది. దృక్పథం సంస్కృతంలో చూపు మేర. తెలుగులో మనిషి చిరకాలంగా అలవరచుకొన్న ఆలోచనా సరళి. శాస్త్రీయ దృక్పథం అంటాము. అక్కడ దృక్కోణం అంటే అర్థం కుంచించుకుపోతుంది.

మరి 'కీప్ ఇట్ ఇన్ పర్‌స్పెక్టివ్' అన్నప్పుడో? రెండు మార్కులు తగ్గాయని అన్నం మానేసిన పిల్లవానికి కావలసింది ఏది పెద్దదో, ఏది చిన్నదో అన్న ఎరుక. దానికి తర, తమ ప్రత్యయాల నుండి పుట్టిన 'తారతమ్యం' మనకు ఉండనే ఉన్నది. దూరపు కొండలు నునుపు అన్న సామెత చేసే హెచ్చరికా ఇటువంటిదే.

ఇది కేవలం పదాల పేచీ కాదు. 'ఎవరి దృక్పథం వారిది' అని వాదం ముగించడం ఇప్పుడొక మర్యాద. జిహ్వకో రుచి కనుక, కూరల విషయంలో అది సబబే. కాని కట్నం పుచ్చుకొనేవాడూ ఆ మాటే అంటున్నాడు! 1961లోనే చట్టం నిషేధించిన పని, ఒక మంచి మాట చాటున అభిప్రాయభేదమై కూర్చుంటున్నది. అంధగజ న్యాయంలో అందరి చేతికీ తగిలింది ఒక్క ఏనుగే. ఎవరి ఏనుగు వారికి లేదు. కోణాలు ఎన్ని ఉన్నా అవి ఆ ఒక్కదానిని పూర్తిగా తెలుసుకొనడానికే.

కనుక నిలిచిన చోటుకు దృక్కోణం, నడిచే తీరుకు దృక్పథం, తూచవలసిన వేళ తారతమ్యం వాడుదామని నా మనవి. ఇంతకన్న మంచి మాటలు విజ్ఞులు సూచిస్తే సంతోషిస్తాను.