ముందు బిడ్డ, తర్వాత గ్రూపు, ఆ తర్వాతే కాలేజీ

పదో తరగతి పరీక్షలు ముగిశాయంటే చాలు, మన ఇళ్లలో ఒకే ప్రశ్న వినిపిస్తుంది: పిల్లవాణ్ణి ఏ కాలేజీలో చేర్పించాలి? ఫలితాలు రాకముందే ప్రైవేటు కాలేజీల ప్రతినిధులు తలుపు తడతారు. ఇప్పుడే సీటు ఖాయం చేసుకుంటే ఫీజులో రాయితీ అంటారు. తండ్రి అడ్వాన్సు కట్టేస్తాడు. ఆ కాలేజీలో ఏ గ్రూపు దొరికితే అదే పిల్లవాని గ్రూపు అవుతుంది. రెండేళ్ల తర్వాత వచ్చిన ర్యాంకును చేతబట్టుకుని, ఇక ఎక్కడ చేర్పించాలని అందరినీ అడుగుతాడు. ఈ వరుస తలకిందులుగా ఉందన్నది మా అభిప్రాయం. ముందు బిడ్డ శక్తినీ, అభిరుచినీ చూడాలి. దాన్నిబట్టి గ్రూపు, ఆ పైన చేరవలసిన విశ్వవిద్యాలయాలు నిర్ణయించుకోవాలి. జూనియర్ కాలేజీ ఎంపిక చివరి మెట్టు కావాలి.

హైదరాబాదులో తార్నాక చౌరస్తా పరిసరాలనే చూడండి. ఒకపక్క 1918లో మీర్ ఉస్మాన్ అలీఖాన్ స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉంది. ఉన్నత విద్యను ఉర్దూలో బోధించేందుకు దారుత్తర్జుమా పేరిట అనువాద శాఖనే నెలకొల్పి, విజ్ఞాన గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చిన విద్యాలయమది. 1929లో మొదలైన ఇంజనీరింగు కళాశాల ఆ ఆవరణలోనే ఉంది. పక్కనే ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం. 1958లో కూనూరు నుంచి తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ, 1944లో పునాది పడిన రసాయన సాంకేతిక సంస్థ కూడా తార్నాకలోనే ఉన్నాయి. కాస్త ముందుకు వెళితే హబ్సిగూడలో సీసీఎంబీ, ఉప్పల్ రోడ్డులో భూభౌతిక పరిశోధన సంస్థ. వీటిలో పనిచేసే శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది రసాయన, జీవ, భూభౌతిక శాస్త్రాల్లో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేసినవారు. మన ఇళ్లలో మాత్రం డాక్టర్, ఇంజనీర్ అనే రెండు మాటలే వినిపిస్తాయి. ఇన్ని ద్వారాలు కళ్లెదుట ఉండగా రెండింటి దగ్గరే గుంపుగా నిలబడటం ఏం వివేకం?

గ్రూపు ఎంచుకునేటప్పుడు ఆ దారి చివర ఉన్న పరీక్ష స్వరూపం తెలిసి ఉండాలి. తెలంగాణ ఎప్‌సెట్ ఇంజనీరింగు పరీక్షలో 160 ప్రశ్నలుంటే అందులో 80 గణితమే. గణితమంటే భయపడే బిడ్డను ఎంపీసీలో కూర్చోబెడితే సగం పరీక్ష ముందే చేజారినట్టు. నీట్‌లో 720 మార్కులకుగాను జీవశాస్త్రానిది 360. మిగతా సగం భౌతిక, రసాయన శాస్త్రాలది. బొమ్మలు గీసి బాటనీ, జువాలజీ చక్కగా రాసినంత మాత్రాన ర్యాంకు రాదు. అయితే బైపీసీ అంటే ఎంబీబీఎస్ ఒక్కటే కాదు. వ్యవసాయం, పశువైద్యం, ఫార్మసీ ఉన్నాయి. సీఈసీ, ఎంఈసీ, హెచ్ఈసీలను వెనుకబడిన వారి గ్రూపులుగా చూడటం మరో పొరపాటు. చార్టర్డ్ అకౌంటెన్సీకి, లాసెట్ ద్వారా అయిదేళ్ల న్యాయవిద్యకు, అధ్యాపక వృత్తికి, సివిల్ సర్వీసులకు ఆ దారి నుంచీ వెళ్లవచ్చు. మన మహల్లాల్లో మంచి వకీలు, మంచి ఆడిటర్ ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకుంటే వీటి అవసరం అర్థమవుతుంది.

ఇక చదువు భారం సంగతి. మన మదర్సాల్లో నేటికీ సాగుతున్న దర్సె నిజామీ పాఠ్యక్రమాన్ని పద్దెనిమిదో శతాబ్దంలో లక్నో ఫిరంగీ మహల్‌కు చెందిన ముల్లా నిజాముద్దీన్ క్రమబద్ధం చేశారు. అందులో ముందు సర్ఫ్, నహ్వ్ అనే వ్యాకరణ పాఠాలు. తర్వాత మంతిఖ్, ఫిఖహ్. దౌరయె హదీస్ ఆఖరి ఏడాదిలో వస్తుంది. సర్ఫ్ రాని తాలిబె ఇల్మ్ చేతికి బుఖారీ అందించే ఉస్తాద్ ఎక్కడా ఉండడు. మరి పదో తరగతి గణితంలోనే తడబడుతున్న బిడ్డను ఐఐటీ బ్యాచిలో వేసి, పొద్దున్నుంచి రాత్రిదాకా స్టడీ అవర్లలో కూర్చోబెట్టడం ఏ పద్ధతి? కష్టమైన చదువు వద్దని మేము చెప్పడం లేదు. పునాది గట్టిగా ఉన్న బిడ్డకు కష్టమైన చదువే ఇవ్వాలి. సులువైన దారి చూపడం వానికి అన్యాయమే. కానీ మోయగలిగిన బరువు వేరు, నడుము విరిచే బరువు వేరు. అల్లాహ్ ఎవరిపైనా శక్తికి మించిన భారం మోపడని బఖరా సూరా చివరి ఆయత్ మనకు బోధిస్తున్నది. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వెలువడిన రోజుల్లో ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఫలితాల్లో పొరపాట్లు దొర్లిన మాట తర్వాత విచారణలో తేలింది. అయితే మార్కుల కాగితమే జీవితమని పిల్లలకు నేర్పింది ఎవరు? ఆ ప్రశ్న ప్రతి తల్లిదండ్రులూ వేసుకోవాలి.

కాలేజీలో చేర్చే ముందు మరో రెండు సంగతులు అడగాలి. ఒకటి, జుమా నమాజుకు పంపుతారా? రెండు, ద్వితీయ భాషగా ఉర్దూ లేదా అరబీ బోధించే లెక్చరర్ ఉన్నారా? మార్కులు తేలిగ్గా వస్తాయని చాలా కాలేజీలు అందరికీ సంస్కృతమే ఇస్తున్నాయి. పదేళ్లు ఉర్దూ చదివిన బిడ్డ, తెలుగు చదివిన బిడ్డ ఇద్దరూ అక్కడితో ఆ భాషకు దూరమవుతున్నారు. ఎప్‌సెట్‌లో గాని, నీట్‌లో గాని ద్వితీయ భాష ప్రశ్నలే ఉండవు.

చేరవలసిన కాలేజీల జాబితాను ఇంటర్ మొదటి ఏడాదిలోనే మూడు వరుసలుగా రాసుకోవడం మంచిది. మొదటి వరుసలో శ్రమిస్తేగాని అందనివి. ఎంపీసీ బిడ్డకైతే ఐఐటీలు, వరంగల్ నిట్ వంటివి. రెండో వరుసలో ఉస్మానియా ఇంజనీరింగు కళాశాల, జేఎన్‌టీయూ వంటివి. మూడో వరుసలో తప్పక సీటు వచ్చేవి, ఫీజు మోయగలిగేవి. ఏ కాలేజీలో గత ఏడాది ఏ ర్యాంకు దాకా సీటు వచ్చిందో, ఏ కేటగిరీకి ఎంతో కౌన్సెలింగ్ అధికారులు ప్రకటిస్తారు. ఆ వివరాలు చూసి రాసుకుంటే అది ప్రణాళిక, చూడకుండా రాసుకుంటే ఉత్త ఆశ.

ఇక్కడ ఒక నిబంధన మన కుటుంబాలు తప్పక తెలుసుకోవాలి. ఎంబీబీఎస్, బీడీఎస్ రాష్ట్ర కోటాలో తెలంగాణ స్థానికులుగా లెక్కలోకి రావాలంటే, ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లు వరుసగా ఈ రాష్ట్రంలోనే చదివి ఉండాలని 2024లో ప్రభుత్వం నిర్దేశించింది. హైకోర్టు దాన్ని సడలించినా, 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ప్రభుత్వ నిబంధననే సమర్థించింది. కొందరు ఉద్యోగుల పిల్లలకు మినహాయింపులున్నాయి. అంటే ఇంటర్ కోసం బిడ్డను విజయవాడ పంపే తండ్రి, జిద్దాలోనో దుబాయిలోనో పిల్లల్ని చదివించే తండ్రి ఈ లెక్క తొమ్మిదో తరగతికి ముందే వేసుకోవాలి.

ధ్రువపత్రాల విషయమూ అంతే. 2007 చట్టం ప్రకారం బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ 14 వర్గాలకు వర్తిస్తుంది. 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగుతున్నది. దూదేకుల, నూర్‌బాష్ సోదరులు బీసీ-బీలోకి వస్తారు. సయ్యద్, పఠాన్, మొఘల్ వంటి వర్గాలకు బీసీ-ఈ లేదు. కాని ఆదాయం, ఆస్తి పరిమితికి లోబడి ఉంటే 2019 నాటి ఈడబ్ల్యూఎస్ కోటా ఉంది. రాష్ట్ర జాబితా, కేంద్ర జాబితా ఒకటి కాదు గనుక రెండూ విడివిడిగా చూసుకోవాలి. వెబ్ ఆప్షన్ల ముందురోజు మీసేవ దగ్గర నిలబడితే లాభం లేదు.

ఆడపిల్లల విషయంలో దూరమనే ఒక్క కారణంతో గ్రూపు మార్చేస్తున్న ఇళ్లున్నాయి. ఇంటి దగ్గరి కాలేజీలో సైన్స్ లేదు కనుక సీఈసీ చాలంటారు. తెలంగాణలో 2016 నుంచి మైనారిటీ గురుకులాలు నడుస్తున్నాయి, వాటిలో జూనియర్ కాలేజీలూ వచ్చాయి. బస్సు దొరకనంత మాత్రాన బిడ్డ బుద్ధిని వృథా చేయడం న్యాయం కాదు.

ఏ పనికైనా మష్వరా చేయమని దీన్ మనకు నేర్పింది. చదువు విషయంలో ఆ మష్వరాలో మొదటి కుర్చీ బిడ్డది. గణితం, సైన్స్ చెప్పిన స్కూలు మాస్టారును అడగండి. ఆ దారిలో నడుస్తున్న సీనియర్ విద్యార్థిని అడగండి. ఒకసారి బిడ్డను వెంటబెట్టుకుని ఉస్మానియా ఆవరణంతా నడవండి, ఏ భవనం ముందు వాడి కాళ్లు ఆగుతాయో గమనించండి. ఆ తర్వాత ఇస్తిఖారా చేయండి. మష్వరా మాని, వివరాలు తెలుసుకోకుండా ఇస్తిఖారా ఒక్కటే చాలనుకోవడం తవక్కుల్ కాదు, బద్ధకం. అడ్వాన్సు కట్టమని ఎవరు తొందరపెట్టినా, ఈ పని పూర్తయ్యేదాకా జేబులో చేయి పెట్టకండి.