అన్నము – న్యాయము

విస్తరి ముందు కూర్చున్నవాడు పదార్థపు రుచి నెంచును గాని, దానిని పండించిన చేతులను తలపడు. ఆ చేతులను లోకమునకు చూపిన రచయితలు కొందరు అమెరికాలో నుండిరి.

ఫ్రెడరిక్ డగ్లస్ మేరీలాండు రాష్ట్రమున బానిసగా పుట్టినవాడు. 1845లో వెలువడిన తన జీవితకథలో అతడు యజమాని తోట నొకదానిని వర్ణించెను. దూరప్రాంతములవారు సయితము దానిని చూడవచ్చెడివారట. ఆకలిగొన్న బానిసలు పండ్లు కోయకుండుటకై యజమాని కంచె చుట్టును తారు పూయించెను. ఎవని మేన తారు మరక కనబడినను వానికి కొరడా దెబ్బలు తప్పవు. వేరు సాక్ష్యముతో పనిలేదు. బానిసల బిడ్డలకు ఉడికించిన మొక్కజొన్న పిండిని తొట్టిలో పోసి నేలపై నుంచెడివారు. వారు పందిపిల్లలవలె దానిచుట్టు మూగెడివారు. త్వరగా తిన్నవానికే ఎక్కువ దక్కెడిది.

1865లో బానిసత్వము రద్దయ్యెను. అయినను శ్రామికుని కష్టము తీరలేదు. అప్టన్ సింక్లేర్ 1904లో చికాగో నగరపు మాంసపు కర్మాగారములలో కొన్ని వారములు తిరిగి, కార్మికుల యిడుములను కన్నులార చూచి, ‘ది జంగిల్’ అను నవల వ్రాసెను. అది 1906లో పుస్తకరూపమున వచ్చెను. లితుయేనియా నుండి వలస వచ్చిన యొక కుటుంబము గాయములతో, అప్పులతో నలిగిపోవుటయే అందలి కథ. పాఠకులు మాత్రము మాంసములో కలిసిన కుళ్లును, ఎలుకలను గూర్చి చదివి తమ పొట్టకై భయపడిరి. ఆ యేడు జూన్ 30వ తేదీననే మాంస తనిఖీ చట్టమును, ఆహారౌషధ శుద్ధి చట్టమును వచ్చినవి. అవి మంచి చట్టములే, కాదనరాదు. కాని వ్రేళ్లు తెగిన కార్మికునకు వానివలన ఒరిగిన దేమి? తాను హృదయమునకు గురిపెట్టగా దెబ్బ పొట్టకు తగిలినదని సింక్లేరే వాపోయెను.

భోజనము శుభ్రమైనదా యని యడుగుట సులభము. అది తినువాని మేలు. దానిని పండించినవాడు తిన్నాడా యని యడుగువా రరుదు. దేశమంతటికిని కనీస వేతనమును నిర్ణయించిన చట్టము 1938లో గాని రాలేదు. అందును పొలములలోని కూలీలను విడిచిపెట్టిరి.

మరుసటి యేడే జాన్ స్టెయిన్‌బెక్ ‘ది గ్రేప్స్ ఆఫ్ రాత్’ నవలలో ఆ కూలీలను చిత్రించెను. ధర పడిపోకుండుటకై కాలిఫోర్నియాలో నారింజల రాసులపై కిరసనాయిలు చల్లుదురు. బంగాళాదుంపలను ఏటిలో పారవేసి, ఎవరును ఏరుకొనకుండ కాపలా పెట్టుదురు. ఆకలిగొన్నవారు గట్టున నిలిచి చూతురు. డగ్లస్ చెప్పిన తారునకును ఈ కిరసనాయిలునకును భేద మెంత?

కనీస వేతన చట్టము పొలము కూలీలలో కొందరికైనను వర్తించుటకు 1966 నాటి సవరణ కావలసి వచ్చెను. అధికగంటల పనికి హెచ్చు కూలి నియ్యవలెనను నియమము మాత్రము ఆ కేంద్ర చట్టమున నేటికిని వారికి లేదు.