ఐదు టెస్టుల కీపర్

మేడ్చల్, శామీర్‌పేట మైదానాల్లో ఆదివారం పూట గ్లౌజులు తొడుక్కునే కుర్రాళ్లలో పోచయ్య కృష్ణమూర్తి పేరు ఎందరికి తెలుసు? ఈ హైదరాబాదీ వికెట్‌కీపర్ ఆడినవి ఐదే టెస్టులు. అన్నీ 1971లో వెస్టిండీస్ గడ్డ మీదే. వాళ్ల మీద మనం తొలిసారి సిరీస్ గెలిచింది అప్పుడే!

గవాస్కర్ కొట్టిన 774 పరుగులు అందరికీ గుర్తే. బేడీ, ప్రసన్న, వెంకటరాఘవన్ తిప్పిన బంతులకు స్టంప్స్ వెనక కాపలా కాసింది ఈయన. తర్వాత ఇంగ్లండ్‌లో ఇంజనీర్ తిరిగొచ్చాడు, ఆపైన కిర్మాణీ. 1976లో న్యూజిలాండ్‌లో ఒక్క వన్డే దక్కింది, అంతే.

టెస్టుల్లో చేసినవి 33 పరుగులే. లెక్కల్లో చిన్న కెరీరే. కానీ పిలుపు వస్తుందో రాదో తెలియకుండా రోజూ సిద్ధంగా ఉండటం చిన్న పనా? మీ జట్టులో బెంచీ మీదున్న రెండో కీపర్‌ని అడగండి, చెప్తాడు.