కష్టార్జితానికి కూడా కాగితం కావలెను

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో జీవితమంతా గడిపిన తెలుగు కార్మికుని ముందు పదవీ విరమణ నాటికి నిలిచే ప్రశ్న ఒక్కటే: క్వార్టరు ఖాళీ చేసి ఎక్కడికి పోవలెను? బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుండి ఇక్కడ స్థిరపడిన మన కుటుంబాల పిల్లలు ఇక్కడే పుట్టి పెరిగినారు. కావున ఇందా వంటి పేటలో రెండు గదుల ఇల్లు కొనుక్కొనవలెనన్నది సహజమైన ఆశ.

అటువంటి ఆశతో ఇందాలో ఇల్లు చూసుకున్న వర్క్‌షాపు సోదరుడొకరి అనుభవం మనమందరం ఆలోచింపదగినది. శ్రీకాకుళం జిల్లాలోని స్వగ్రామంలో తండ్రి విడిచిన పొలాన్ని అన్నదమ్ములిద్దరూ అమ్మినారు. కొన్నవారు సొమ్మంతా అన్నగారి ఖాతాలో జమ చేయగా, ఆయన తమ్ముని వాటా 3 లక్షల 60 వేల రూపాయలు పంపినారు. మరుసటి నెలలో గృహ ఋణానికి దరఖాస్తు చేసినప్పుడు, ఈ సొమ్ము ఎక్కడిదని బ్యాంకువారు ప్రశ్నించినారు. క్రయ దస్తావేజు చూపినారు. అది తెలుగులో ఉన్నది; ఆ శాఖలో తెలుగు చదువగలవారు లేరు. మొదట అనువాదం తెమ్మన్నారు. తెచ్చిన తరువాత అన్నగారి ఖాతా వివరం అడిగినారు. అదియు వచ్చిన పిమ్మట అన్నగారి సంతకంతో లేఖ కావలెనన్నారు. ఈలోగా ఒప్పందపు గడువు ముగిసి ఇల్లు ఇతరుల పాలైనది. బయానాలో సగమే తిరిగి వచ్చినది.

బ్యాంకు ప్రశ్నించుట తప్పు కాదు. 30 లక్షల వరకు గల గృహ ఋణం ఆస్తి విలువలో 90 శాతానికి మించరాదని రిజర్వు బ్యాంకు నిబంధన. తక్కినది కొనుగోలుదారు స్వంత సొమ్ము కావలెను. అదియు అప్పే అయినచో ఒక్క జీతంపై రెండు వాయిదాల భారం పడుతుంది. అక్రమ ధన చలామణిని అరికట్టుటకై 2002లో వచ్చిన చట్టం కూడా ఖాతాలపై నిఘా ఉంచవలసిన బాధ్యతను బ్యాంకులపై మోపినది.

మన పొరపాటు వేరొకటి. పన్ను భయంతో దాచనవసరం లేని సొమ్మును దాస్తున్నాము. గ్రామీణ వ్యవసాయ భూమి అమ్మకంపై మూలధన లాభపు పన్ను లేదు. తల్లిదండ్రులు, తోబుట్టువులు ఇచ్చిన కానుకపైనా పన్ను లేదు. అయినను కొందరు సలహాదారుల మాట విని, సహకార సంఘం అప్పును బంధువుల కానుకగా వ్రాసి ఇచ్చేవారున్నారు. జీతపు చీటీలో ప్రతి నెలా కనిపించే కోత ఆ అబద్ధాన్ని ఒక్క నిమిషంలో బయటపెట్టగలదు. అప్పును అప్పుగానే చెప్పవలెను.

కావున పొలం సొమ్మును నగదుగా గాక బ్యాంకు ద్వారానే పుచ్చుకొనవలెను. దస్తావేజు ధ్రువీకృత నకలు, దాని అనువాదం, సొమ్ము పంపినవారి ఖాతా పుట ముందుగానే సిద్ధపరచుకొనవలెను. భవిష్య నిధి నుండి తీసినచో మంజూరు ఉత్తర్వును, తపాలా పొదుపు పత్రాల సొమ్మయినచో చెల్లింపు రసీదును భద్రపరచవలెను. ఎప్పుడు, ఎంత, ఎవరి నుండి, ఎందుకు వచ్చినదో ఒక పుటలో వ్రాసి దరఖాస్తుతోనే జతపరచవలెను.

అయితే బాధ్యత అంతా దరఖాస్తుదారునిదే కాదు. అదనపు పత్రాలు కావలసినచో వెంటనే తెలియజేయవలెనని రిజర్వు బ్యాంకు 2003లోనే ఋణదాతలకు మార్గదర్శక సూత్రాలు ఇచ్చినది. మూడు పత్రాలను మూడు విడతలుగా అడుగుట ఆ సూత్రానికి విరుద్ధం. కావలసిన పత్రాల జాబితాను మొదటి రోజునే లిఖితపూర్వకంగా ఇవ్వవలెను. వేలాది తెలుగు కుటుంబాలున్న ఊరిలో తెలుగు దస్తావేజు వింత వస్తువు కారాదు; ఎవరి అనువాదం అంగీకరింతురో ముందే ప్రకటించవలెను.

ఈ కోరికలను బ్యాంకు అధికారుల ముందుంచుటకు, సభ్యుల పత్రాలు సరిచూచుటకు మన శాఖా సంఘాలు పూనుకొనవలెను. ఆ సోదరుడు పోగొట్టుకున్న ఇల్లు తిరిగి రాదు. క్వార్టరు ఖాళీ చేయవలసిన తేదీ మాత్రం సమీపిస్తూనే ఉన్నది.