శ్రీహరికోట ఉపగ్రహము - కృష్ణబిలములు

2024 జనవరి 1వ తేదీన శ్రీహరికోటనుండి ఎక్స్‌పోశాట్ ఉపగ్రహము మింటికెగసినపుడు దేశమంతటను హర్షము వెల్లివిరిసినది. రాకెట్టు లేచుట కన్నులపండువయే. కాని పిమ్మట ఆ ఉపగ్రహము చేయు పనికెంత యోర్పు వలయునో విచారించువారు మనలో స్వల్పము.

కృష్ణబిలము తాను వెలుగదు. చెంతనున్న నక్షత్రమునుండి అది లాగుకొను వాయువు దాని చుట్టును చక్రమువలె దిరుగుచు, రాపిడిచే మిక్కిలి వేడెక్కి ఎక్సు కిరణములను వెదజల్లును. ఆ చక్రము మన కత్యంత దూరమున నుండుటచే దాని యాకారమును జూపగల ఎక్సు కిరణ దూరదర్శిని నేడు లేదు. కాని వచ్చిన కాంతియే కొంత సాక్ష్యము చెప్పును. ఎలక్ట్రానులపై బడి చెదరిన కాంతితరంగములు ఒక దిక్కునకు మొగ్గి కంపించును, దీనినే ధ్రువణమందురు. ఆ మొగ్గు దిక్కునుబట్టి చక్రము తీరును ఊహింపవచ్చును. ఇట్లు చెదరిన కాంతి నక్షత్రపుటంచున 11.7 శాతమువరకు ధ్రువణము నొందునని 1946లోనే గణించినవాడు మన చంద్రశేఖరుడు.

హంసమండలమున, మనకు 7,200 కాంతి సంవత్సరముల దూరమున, సిగ్నస్ ఎక్స్-1 అను కృష్ణబిలము గలదు. దాని బరువు ఇరువదియొక్క సూర్యుల పాటి. 2021 డిసెంబరులో అమెరికా, ఇటలీ దేశములు పంపిన ఐక్స్‌పీ ఉపగ్రహము 2022 మే నెలలో దానిని పరిశీలించి, సుమారు 4 శాతము ధ్రువణమును కనుగొన్నది. ఆ దిక్కు బిలమునుండి చిమ్ము ధారల దిక్కుతో సరిపోయినది. కావున ఎక్సు కిరణములను బుట్టించు వేడి యావరణము ధారవెంబడి స్తంభమువలె నిలువక, చక్రముతోపాటు పరచుకొని యున్నదని తేలినది. బిలమెన్నడును కంటబడకయే ఇంత తెలియుట ఆశ్చర్యకరము! అయితే ఆ 4 శాతము అనుకొన్నదానికంటె హెచ్చు. లోపలి చక్రము వెలుపలి కక్ష్యకంటె మనవైపునకు ఎక్కువగా ఒరగియుండునా యను చర్చ దీనినుండియే పుట్టినది.

ఐక్స్‌పీ చూచునది 2 మొదలు 8 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల కిరణములను మాత్రమే. బెంగుళూరునందలి రామన్ పరిశోధనాలయమువారు నిర్మించిన పోలిక్స్ యంత్రము 8 మొదలు 30 వరకు చూచుటకు ఏర్పడినది. చక్రముపై బడి మరలివచ్చు కిరణముల పాలు ఇచ్చట హెచ్చు. పై చర్చకు మన సాక్ష్యము అవసరమగుట ఇందుచేతనే.

కాని ఈ సాక్ష్యము తొందరగా దొరకదు. నూటికి నాలుగు పాళ్ల మొగ్గును నమ్మకముగా తేల్చుటకు లక్షలకొలది కిరణములను లెక్కింపవలెను. ఒక్కొక్క జ్యోతిని దినములు, వారములు చూచుచుండవలెను. ఉపగ్రహమునకు సంకల్పించిన ఆయువో ఐదేండ్లు.

దీనివలన రైతునకేమి లాభమని కొందరడుగుదురు. పన్ను చెల్లించువా రడుగదగిన ప్రశ్నయే. ఎక్సు కిరణములను కనుగొన్న నాడు రాంట్‌జెన్ వైద్యశాలల నుద్దేశించి పని చేయలేదని మాత్రము మేము జ్ఞాపకము చేయుదుము. మా చింత వేఱు. యంత్రమునకు వెచ్చించిన ధనములో కొంతయైన దాని లెక్కలను జదువు విద్యార్థులకు వేతనములుగా ముట్టవలెను. శ్రీహరికోట తీరము మనది. ఆ విద్యార్థులలో మన విశ్వవిద్యాలయముల వారును ఉండవలదా? ఇంతకంటె పెద్ద యంత్రమునకు సన్నాహము ఈ ఉపగ్రహపు ఆయువు తీరకమున్నే ఆరంభింపవలెనని ప్రభుత్వమువారిని కోరుచున్నాము.