కుండీలోని బ్రహ్మకమలము పూయవలెనన్న

మన హోసూరు ప్రాంతమున పెక్కు ఇండ్ల ముంగిట కుండీలో బ్రహ్మకమలము కనిపించును. దానిని పెంచువారిలో పలువురు “ఏండ్లు గడిచినవి, ఆకులే గాని పువ్వు లేదు” అని విచారింతురు. కొందరు మొక్కను నిందింతురు. కొందరు తమ అదృష్టమును నిందింతురు. ఈ రెండును తగవని మా అభిప్రాయము. మొక్క స్వభావము నెరిగి పెంచినచో పువ్వు తప్పక వచ్చును. ఆ ఎరుకను మన పిల్లలు స్వయముగా చూచి, తెలుగున వ్రాసికొని సంపాదింపవలెనని మేము కోరుచున్నాము.

మొదట పేరు సంగతి. హిమాలయములలో పూచు అసలు బ్రహ్మకమలము వేరు. అది ప్రొద్దుతిరుగుడు కుటుంబమునకు చెందినది. 2000 సంవత్సరమున ఏర్పడిన ఉత్తరాఖండమునకు రాష్ట్రపుష్పము. మన కుండీలోనిది మెక్సికో, మధ్య అమెరికా అడవులనుండి వచ్చిన జెముడు జాతి మొక్క. శాస్త్రజ్ఞులు దీనిని ఎపిఫిల్లమ్ ఆక్సీపెటాలమ్ అందురు. జెముడన్నంత మాత్రమున ముళ్లు వెదకనక్కరలేదు. మనము ఆకని పిలుచు పచ్చని పలుచని భాగము నిజమునకు కాండమే. దాని అంచున గంట్లుండును. మొగ్గ అచ్చటినుండియే పుట్టును.

పుట్టినచోటు తెలిసినచో సేవ సులభము. ఆ అడవులలో నిది చెట్ల కొమ్మలను అంటిపెట్టుకొని, కుళ్లిన ఆకుల మన్నులో, నీడతో కలిసిన వెలుతురులో పెరుగును. మండుటెండలో పెట్టిన కాండము పసుపుబారి మాడును. గదిమూల చీకటిలో పెట్టినచో సన్నగా సాగునే గాని పూయదు. ఉదయపు ఎండ రెండు మూడు గంటలు తగిలి, మధ్యాహ్నము నీడ పడు తూర్పు అరుగు దీనికి తగినచోటు. ఎర్రమన్ను, ఇసుక, బాగుగా చివికిన ఆకు ఎరువు సమముగా కలిపినచో నీరు నిలువదు. పెద్ద కుండీ అక్కరలేదు; వేళ్లు కుండీని నింపిన మొక్కయే బాగుగా పూయును. వంకరగా పెరిగినదని ముదురు కొమ్మలను కత్తిరించువారు పూయవలసిన కొమ్మనే పారవేయుచున్నారు.

అన్నిటికంటె ముఖ్యము విశ్రాంతి. నవంబరు మొదలు జనవరి వరకు మన ప్రాంతమున రాత్రులు చల్లబడును. ఆ దినములలో పైమన్ను బాగుగా ఆరిన పిమ్మటనే కొద్దిగా నీరు పోయవలెను, ఎరువు వేయరాదు. ఈశాన్య ఋతుపవనపు వాన పట్టినచో కుండీని చూరు క్రిందికి జరుపవలెను. ప్రేమకొద్ది దినదినము నీరు పోయు చేయియే పువ్వునకు అడ్డమగుచున్నది. వేళ్లు కుళ్లును; లేదా కొత్త కొమ్మలు వచ్చును, మొగ్గ మాత్రము రాదు. ఫిబ్రవరినుండి నీరు పెంచి, పొటాషు ఎక్కువగా గల ఎరువును కొద్దికొద్దిగా వేయవలెను. యూరియా వేసినచో మొక్క దండిగా పెరిగి, పూయుట మరచును. మొగ్గ కనిపించిన పిమ్మట కుండీ చోటు మార్పరాదు. మొగ్గలు రాలు భయము కలదు.

ఆ మొగ్గ కొన్ని వారములు పెరిగి, ఒక రాత్రి విచ్చును. అరచేతిని మించిన తెల్లని పువ్వు పరిమళము చిమ్మి, తెల్లవారుసరికి వాడిపోవును. రాత్రివేళ తిరుగు సీతాకోకచిలుకవంటి పురుగులను పిలుచుటకే ఆ తెలుపు, ఆ పరిమళము.

పరీక్షలుండగా మొక్కల పని యెందుకని కొందరు తల్లిదండ్రులు అడుగవచ్చును. ఇదియు చదువే అని మా మనవి. ప్రతి తరగతికి ఒక కుండీ, ఒక నోటుపుస్తకము ఇయ్యవలెను. నీరు పోసిన దినము, ఎండ తగిలిన గంటలు, కొత్త కొమ్మ పొడవు, మొగ్గ తొడిగిన తేదీ అందులో తెలుగున వ్రాయవలెను. వేసవి సెలవులలో పాఠశాలకు దగ్గరనున్న పిల్లలు వంతులవారీగా చూచుకొనవలెను.

తెలుగుననే ఎందుకు? మన పిల్లలు బజారున తమిళము, కన్నడము విందురు. ఇంట తెలుగు మాటలాడుదురు. పండుగనాటి పద్యములకు మాత్రమే మిగిలిన భాష క్రమముగా బలహీనపడును. చూచినదానిని కొలుచుటకు, సందేహించుటకు, కారణము చెప్పుటకు వాడిన భాష నిలుచును. గంటు, చిగురు, తేమ, చివుకు అను మాటలు మన అవ్వతాతల నోట నున్నవి. పిల్లలు వారిని అడిగి తెలిసికొనినచో అవి నోటుపుస్తకములోనికి వచ్చును.

కొమ్మ నాటిన మొక్క పూయుటకు సాధారణముగా రెండు మూడేండ్లు పట్టును. నాటిన తరగతివారు పువ్వు చూడకయే పాఠశాల విడిచిపోవచ్చును. అప్పుడు వారు వ్రాసిన పుస్తకమే తరువాతివారికి దారి చూపును. వెనుకటివారు ఎప్పుడు ఎక్కువ నీరు పోసిరో, ఎప్పుడు ఎండ చాలలేదో వీరు చదివి దిద్దుకొందురు.

పూచిన మొక్కగల ఇంటివారు జానెడు కొమ్మ ఒకటి పాఠశాలకు ఇచ్చిన చాలును. కోసిన కొమ్మను వెంటనే నాటరాదు. నాలుగైదు దినములు నీడన ఆరనిచ్చి, కోత మానిన పిమ్మట నాటవలెను. రాబోవు జూన్ మాసమున బడి తెరచునప్పుడే ఈ పని ఆరంభింపవలెనని విద్యార్థులను, తల్లిదండ్రులను కోరుచున్నాము.